ఇద్దరికి ఒక దినం

అతావుల్లాకు ఇరవై ఆరేళ్ళుగా ఒక అనుమానం ఉంది. ఇచ్చినవాడి పేరు చెక్కిన గిన్నెను అల్లా బహుమతి కింద చూస్తాడా, బోర్డు కింద చూస్తాడా అని.

అనుమానానికి కారణం అతని పనే. ముదిగుబ్బ బజారులో శ్రీరంగప్ప స్టీలు సామాన్ల అంగడి ఉంది. ఆ అంగడి అరుగు మీద, కరెంటు ప్లగ్గుకు దగ్గరగా అతావుల్లా కూర్చుంటాడు. చేతిలో లావుపాటి పెన్నులాంటి మిషను. పెండ్లికో గృహప్రవేశానికో బిందె కొన్నవాళ్ళు దాన్ని అతని ముందు పెడతారు. అతను దాని మెడ మీద గర్రుమని చుక్కలు చుక్కలుగా అక్షరాలు దించుతాడు. ఇచ్చేవాళ్ళ పేరు పెద్దగా, పుచ్చుకునేవాళ్ళ పేరు చోటు మిగిలితే. అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయని మండలంలో పేరు.

పెండ్లయిన రెండు నెలలకు అవే గిన్నెలు గుడ్డలో చుట్టుకొని పక్కసందులో నుంచి వస్తాయి. అప్పుడు అతావుల్లా చక్రం పెట్టి పాత పేరు రుద్దేసి, కొత్త పేరు కొడతాడు. ఒక నాలుగు లీటర్ల తపేల మీద ఏడేళ్ళలో ఐదు ఇళ్ళ పేర్లు కొట్టాడు. ఆ తపేలలో ఇంతవరకు ఎవరూ నీళ్ళు కూడా కాచలేదు. ఏ గిన్నె ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పోయిందో ఊళ్ళో అతనొక్కడికే తెలుసు. అది తన దగ్గర దాచిపెట్టిన అమానతు అనుకొని ఎవరితోనూ అనడు, భార్య మదీనాబీతో కూడా.

ఒకసారి జుమ్మా నమాజయ్యాక మసీదు హజ్రత్‌ను అడిగాడు. “నీది అక్షరాలు కొట్టే పని. నీ కూలి హలాలు. దిగులు పడకు” అన్నారు ఆయన. అతావుల్లా అడిగింది కూలి గురించి కాదు. అయినా పెద్దాయన అంత నమ్మకంగా చెప్పాక మళ్ళీ అడగడం బాగుండదని వచ్చేశాడు.

వాళ్ళ కూతురు హసీనా అనంతపురంలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది. పెండ్లయి అక్కడే కాపురం. మొన్న ఎండాకాలంలో వచ్చి, “నాయనా, మీ పెండ్లయి ముప్పై ఏండ్లు అయింది” అంది. ఏ తారీఖో అతావుల్లాకు గుర్తులేదు. వాన రాని ఏడు అని మాత్రం గుర్తుంది. ఈ సీమలో అదేమంత గుర్తు కాదు.

హసీనా సంచిలో నుంచి గోధుమరంగు కవరు తీసింది.

“ఈసారి నేను వస్తువు తేలేదు. ఈ ఇంట్లో మనుషులు ఇద్దరు, చెంబులు నలభై. ఇంగేం కొనిచ్చేది? అందుకే ఒక దినం కొనిచ్చినా.”

“దినమా?” అంది మదీనాబీ.

“అవు. పొద్దున్నే ఇంటికాడికి కారు వస్తాది. గుత్తికోట చూపిస్తారు. ఎక్కలేకపోతే కింద నీడకు కూర్చోబెడతారు. మల్ల హోటల్లో మీ ఇద్దరికీ భోజనం. గమ్మున కూర్చుంటే చాలు, అన్నీ వాళ్ళే తెచ్చిపెడతారు. పొద్దు మునిగే లోపల ఇంటికాడ దింపుతారు.”

“మాంసం హలాలేనా?” అన్నాడు అతావుల్లా.

“కనుక్కోకుండా ఇస్తానా నాయనా?”

మదీనాబీ కవరును వెనకా ముందూ తిప్పి చూసింది. “దీన్లో మనింటికి వచ్చేది ఏముండాది?”

“మీరే వస్తారు కదమ్మా, పోయి.”

మదీనాబీకి ఆ లెక్క అందలేదు. అయినా బిడ్డ తెచ్చిందని బీరువాలో చీరల కింద పెట్టింది. మూడు నెలల్లోపల ఎప్పుడైనా పోవచ్చని, పోయేముందు హోటలుకు ఫోన్ చేయాలని చెప్పి హసీనా ఊరికి పోయింది.

ఇరవై రోజులు గడిచాయి. శ్రీరంగప్ప కొడుకు ఓబిలేష్ పెండ్లి వచ్చింది. రోజూ ఎవరి అరుగు మీద కూర్చుంటాడో ఆ ఇంటి పెండ్లి. స్టీలు అంగడివాళ్ళకు స్టీలు చదివించడం నవ్వుబాటు. ఏమివ్వాలా అని అతావుల్లా రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు మదీనాబీ బీరువా తెరిచి కవరు తెచ్చి చేతిలో పెట్టింది.

“ఇది ఇచ్చేద్దాం. ఇద్దరికి అని కదా పాప చెప్పింది. కొత్తజంటకు తగినట్ల ఉంటాది.”

ఊళ్ళో ఏ గిన్నె ఇచ్చిన ఇంట్లో ఉండదని తెలిసిన మనిషికి ఇందులో వింత కనబడలేదు. కాగితం తీసి చూశాడు. అంతా ఇంగ్లీషు. కింద మాత్రం తెలుగులో పేరు అని ఒక మాట, దాని పక్కన చుక్కల గీత, ఖాళీగా ఉంది. బహుమతి మీద పేరుకు చోటు వదిలారంటే అది ఎవరి పేరుకో అతావుల్లాకు ఒకరు చెప్పక్కర్లేదు. పెన్ను తీసి, మిషనుతో కొట్టినంత శుభ్రంగా రాశాడు: అతావుల్లా, మదీనాబీ, ముదిగుబ్బ.

పెండ్లి పందిట్లో చదివింపుల దగ్గర మైకు పట్టుకున్నది నల్లప్ప. అతను కవరు విప్పి చూసి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, “ఏమని చదవల్లప్పా దీన్ని?” అన్నాడు.

“ఒక దినం. ఇద్దరికి.”

నల్లప్ప పని చదవడమే. “అతావుల్లా, మదీనాబీ దంపతులు, ముదిగుబ్బ, ఒక దినం!” అని చదివాడు. పందిట్లో ఎవరో, “మిగిలినవి ఎప్పుడిస్తారంట?” అన్నారు. నల్లప్ప అప్పటికే ప్రెషర్ కుక్కరు అందుకున్నాడు.

ఇది జరిగిన నెలకు ఒక గురువారం మధ్యాహ్నం, ఇడ్లీ పాత్ర మూత మీద సగం పేరు కొట్టి ఉండగా అతావుల్లా ఫోన్ మోగింది. హసీనా. గొంతులో సంతోషం పొర్లుతూ ఉంది.

“ఏం నాయనా, పోయొచ్చినారంట! ఒక్క మాటైనా చెప్పకపోతిరి. హోటలోళ్ళు నాకు మెసేజి పెట్టినారు. అతావుల్లాగారు, మదీనాబీగారు మా అతిథులుగా వచ్చినందుకు సంతోషం అని. స్కూల్లో అందరికీ చూపించినా. బాగుండిందా?”

అతావుల్లా “ఊఁ” అన్నాడు.

“ఆదివారం వస్తాండా. మొదటి నుంచీ చెప్పల్ల మీరిద్దరూ. ఏం తిన్యారు, ఏం చూసినారు, అమ్మ కారులో ఏమనింది, అన్నీ.”

ఫోన్ పెట్టేశాక అతను మూత మీద మిగిలిన సగం పేరు కొట్టాడు. అక్షరం ఒకటి వంకరపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఎన్నిసార్లు వంకరపోయిందో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ‘ఊఁ’ అనేది అబద్ధమా కాదా అని సాయంత్రపు అసర్ నమాజులో కూడా ఆలోచన తెగలేదు. మాట కాదు కాబట్టి అబద్ధం కాదు అనుకున్నాడు. విన్నవాళ్ళు దాన్ని మాటగానే తీసుకున్నారు కాబట్టి అబద్ధమే అనుకున్నాడు. పోనీ ఊఁ ఒక్కదానికి క్షమాపణ అడుక్కోవచ్చు. ఆదివారం మొదటి నుంచీ చెప్పమంటే?

ఇచ్చినదాన్ని గురించి అడగకూడదు. అయినా శ్రీరంగప్ప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

“అన్నా, నేను పెండ్లిలో చదివించిన కవరు...”

“ఓ, నీ దినమా?” అన్నాడు శ్రీరంగప్ప. ఆ మాట ఊళ్ళో బాగానే నిలబడిపోయింది. “ఆషాఢం వచ్చె కదప్పా. కోడలు జ్యోతిలక్ష్మి అమ్మగారింటికి పాయ. ఇద్దరూ ఒక కారులో తిరగగూడదు. ఆషాఢం పోయేలోపల ఆ కాగితానికి గడువు అయిపోతాదంట. మా ఆడామె సంగతి తెలుసు కదా, హనుమంతమ్మ చేతిలో ఏదీ ఊరికే చెడిపోదు. షుగరు ఇంజెక్షను వేసేదానికి వస్తాదే కృపాకుమారి సిస్టరు, ఆమెకిచ్చేసింది.”

“ఇచ్చేసినారా!”

“ఏమప్పా, అట్ల నోరు తెరుస్తావు? పేర్లు రుద్ది పేర్లు కొట్టేవానివి, నీకు తెలీని పనా ఇది?”

అతావుల్లా నోరు మూసుకున్నాడు.

సర్కారు ఆసుపత్రిలో కృపాకుమారి దూది చుట్టలు చుడుతూ ఉంది. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి. తల్లితో ఇద్దరే ఉంటారు. అతన్ని చూడగానే లేచి నిలబడి, “రాప్పా అతావుల్లా సారూ” అని పగలబడి నవ్వింది.

“సిస్టరమ్మా, మీరే పోయినారా?”

“నేనూ మా అమ్మ. కారు వచ్చినాక కాగితం సరిగ్గా చూసినా. నీ పేరు, మీ ఆడామె పేరు. ఎంత బాగా రాసినావప్పా, అచ్చు మాదిరి! డ్రైవరు ‘మదీనాబీ మేడమా’ అన్యాడు. కాదు నాయనా అని చెప్పేలోపల మా అమ్మ కారులో కూర్చొనింది. డెబ్బై ఎనిమిదేండ్లు ఆమెకు. కూర్చొన్నదాన్ని ఎట్ల దింపేది? హోటల్లో పిల్లోడు వంగి దండం పెట్టి, ‘అతావుల్లా సార్ రాలేదా’ అన్యాడు. మా అమ్మ ‘నేనేలే’ అనింది.”

“‘నేనే’ అనిందా!”

“ఆ పొద్దంతా ఆమెను సార్ అనే పిలిచినారు. ఆమె పలికింది కూడా.”

అతావుల్లా బెంచీ మీద కూర్చున్నాడు. కోపం వస్తుందేమో అని కాసేపు చూశాడు. రాలేదు.

“ఎట్లుండింది?” అని అడిగాడు.

కృపాకుమారి నవ్వు ఆపింది. “కుర్చీ ఉండాది చూడు, దాన్ని ఎనకనుంచి పట్టుకొని జరిపి, మనం కూర్చుంటే ముందుకు తోస్తారు. ముప్పై నాలుగేండ్లు ఈ ఆసుపత్రిలో నేను జనాన్ని కూర్చోబెట్టినా, పండబెట్టినా, లేపినా. నన్ను పట్టుకొని కూర్చోబెట్టినోళ్ళు ఆ పిల్లోళ్ళే. తిండి కూడా బాగనే ఉండింది.”

ఆ మాట విన్నాక కవరు ఆమెకు పోకుండా ఉంటే బాగుండునని కోరుకోవడం అతని చేత కాలేదు. బిడ్డ సంగతి చెప్పాడు. కృపాకుమారి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“అంతేనా? ఆదివారం లోపల అంతా నేర్పిస్తా. ముందు టమేటా చారు మాదిరి ఒకటి ఇచ్చినారు, చెంచాతో. మల్ల...”

“వద్దు సిస్టరమ్మా. పోనోడు పోయినట్ల చెప్తే ఎట్ల?”

“మా అమ్మ అతావుల్లా కాకపోయినా ‘నేనే’ అనింది. ఏమాయ? నెయ్యన్నం పెట్టినారు.”

అతావుల్లా లేచాడు. ఆమె ముసలితల్లి మీద తీర్పు చెప్పడం అతనికి ఇష్టం లేదు. ఆమె వేరే దారిలో అల్లాకు జవాబు చెప్పుకుంటుంది. తన జవాబు తనది.

ఇంటికి వచ్చేసరికి మదీనాబీ విత్తనానికి శనక్కాయలు వలుస్తూ ఉంది. అతను ఎదురుగా కూర్చొని తనూ నాలుగు కాయలు తీసుకున్నాడు. హసీనా ఫోన్ సంగతి, కృపాకుమారి సంగతి చెప్పాడు. మదీనాబీ చేతులు ఆగలేదు.

“తప్పు చేస్తిమి” అన్నాడు. “బిడ్డ ప్రేమతో ఇచ్చినదాన్ని పెండ్లిలో చదివించేస్తిమి. ఏంటికి ఇచ్చేసినావు నువ్వు?”

“నువ్వూ పేరు రాసిస్తివి కదా.”

“నువ్వు తెచ్చిస్తివి, నేను రాస్తి.”

“అవు.” ఒక కాయ చితికింది. “ఇరవై దినాలు చూసినా. ‘ఎప్పుడు పోదాం’ అని ఒక్క మాట అడుగుతావేమో అని. పాప పోయిన మరుసటినాడు నుంచీ రోజూ అన్నం పెట్టేటప్పుడు చూసినా. నువ్వు చారు పొయ్యమంటివి, మజ్జిగ పొయ్యమంటివి. అది అడగకపోతివి.”

“పనుండాది కదా.”

“పని ఎప్పుడు ల్యాదు? ఇద్దరికి అని రాసిన కాగితం ఒక్కదానికి ఏం పనికొస్తాది? బీరువాలో దాన్ని చూస్తాంటే ఒళ్ళు మండుతాండె. అందుకే పంపించేస్తి. నీతో కలిసి తిండికి పోయేది ఎట్లుంటాదో నాకు తెలుసులే, ఒకసారి పోయినా.”

“యాడికి పోతిమి మనం?”

“కదిరి బస్టాండుకు.”

అతావుల్లా తల ఎత్తాడు.

“పెండ్లయిన మూడోనాడు, మా ఊరినుంచి నన్ను పిల్చుకొస్తాంటివి. పొద్దున్నుంచి ఇద్దరమూ ఏమీ తినలేదు. ఆ హోటల్లో ఉగ్గాని అయిపోయి ఒక్క ప్లేటే మిగిలింది. రెండు మిరపకాయ బజ్జీలతో. నువ్వు తీసుకొంటివి. నేను నీ సంచి పట్టుకొని నిలబడుకొన్యా. సగం పెడతావేమో అనుకొన్యా. మొత్తం తినేస్తివి.”

ఉగ్గాని అంటే బొరుగులు నానబెట్టి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెట్టింది. ఈ సీమలో పొద్దున పూట అది తినని నోరు లేదు. అతావుల్లా ముప్పై ఏళ్ళు వెనక్కి పోయి వెతికాడు. ఆ బస్టాండు గుర్తొచ్చింది. ఆకలి గుర్తొచ్చింది. ప్లేటు గుర్తొచ్చింది. సంచి పట్టుకున్న మనిషి మాత్రం కనబడలేదు.

“బజ్జీ కారంగా ఉండింది” అన్నాడు మెల్లగా.

“నాకు తెలీదు. వాసన బాగుండింది.”

“నేనేమంటి?”

“‘నీకొక ప్లేటు బాకీలే’ అంటివి. నవ్వితివి కూడా.”

అతావుల్లా ఇంకో కాయ తీసుకొని వలిచాడు. రోజూ ఐదు పూటలా అతను దువా చేస్తాడు. వాన కురిపించమని, బిడ్డను చల్లగా చూడమని, ఒకరికి బాకీ పడి చావకుండా చూడమని. ఆ బాకీల్లో ఇది చేరి ఉంటుందా? తనకే గుర్తు లేనిదాన్ని తన తరఫున అల్లా గుర్తు పెట్టుకొని ఉంటాడా? ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషి గుర్తు పెట్టుకుంది, అదే జవాబేమో అనిపించింది. హజ్రత్‌ను అడగాలనుకోలేదు.

శనివారం పొద్దున ఫజర్ నమాజు నుంచి నేరుగా శ్రీరంగప్ప ఇంటికి పోయాడు. “అన్నా, ఈ పూట మిషను పెట్టను.”

“శనివారం గిరాకి పెట్టుకొని యాడికి పోతాండావు?”

“కదిరికి. మా ఆడామెకు ఉగ్గాని తినిపించేదానికి.”

శ్రీరంగప్ప పళ్ళపుల్ల నోట్లోంచి తీశాడు. “ఉగ్గానికి కదిరికా? మన బస్టాండులో ల్యాదా?”

“ఉండాది. కానీ బాకీ కదిరిలోది.”

“ఏమప్పా, పెండ్లినాడు ఒక దినం చదివించినావు, ఇప్పుడు నీకు దినాలు ఎక్కువైనాయా?”

“పొయ్యొస్తా” అన్నాడు అతావుల్లా.

మదీనాబీని బయలుదేరదీయడం అంత తేలిక కాలేదు. రేపు పాప వస్తుందంది, ఇల్లు ఊడ్చలేదంది, ఎండ ఎక్కుతుందంది. “ఎప్పుడో ఒకసారి నువ్వు అన్న మాట. తమాషాకు అంటివి. నువ్వు అడిగితివి కాబట్టి చెప్తి” అంది. అతను గుమ్మంలో చెప్పులేసుకొని నిలబడ్డాడు. గంటకు ఆమె మంచి చీర కట్టుకొని బయటికి వచ్చింది.

బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. కిటికీలో నుంచి వాన కోసం దున్ని పెట్టిన చేలు ఎర్రగా పోతున్నాయి. అతావుల్లా ఫోన్ తీసి హసీనాకు చేశాడు. రేపటిదాకా మోయడం అతని వల్ల కాలేదు.

“అమ్మా, ఆ హోటలుకు మేం పోలేదు.”

“ఏంది నాయనా?”

“ఓబిలేష్ పెండ్లిలో చదివించేస్తిమి. వాళ్ళు సిస్టరుకు ఇచ్చినారు. నా పేరుతో పోయింది సిస్టరు వాళ్ళమ్మ. మొన్న నువ్వు అడిగితే ఊఁ అన్యా. అది తప్పు.”

బస్సు గుంతలో పడి లేచింది.

“నేను మీకిచ్చినా కదా నాయనా.” “మీరిద్దరూ ఒకచోట కూర్చొని తినింది నేను ఒక్కసారి చూడలేదు. అందుకే ఇచ్చినా.”

మదీనాబీ కిటికీ వైపు తిరిగింది కానీ చెవి ఇటే ఉంది.

“అవునమ్మా” అన్నాడు అతావుల్లా. “మీ అమ్మ నాతోనే ఉండాది. బస్సులో ఉండాం.”

“యాడికి?”

“కదిరికి.”

“ఆడేముండాది?”

“మీ అమ్మకు ఒక ప్లేటు ఉగ్గాని.”

“నిజమేనా?” అంది హసీనా.

“ఊఁ” అనబోయి ఆగి, “నిజమే” అన్నాడు.

కదిరి బస్టాండులో అప్పటి హోటలు లేదు. ఆ చోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. అతావుల్లా దాని ముందు నిలబడి ఇటూ అటూ చూశాడు. పది అడుగుల దూరంలో తోపుడుబండి మీద ఒకామె పెద్ద బేసినులో ఉగ్గాని కలుపుతూ ఉంది. పక్కన నూనెలో మిరపకాయ బజ్జీలు తేలుతున్నాయి. ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అతను దాన్ని ఎత్తి నీడలోకి తెచ్చి, చేత్తో తుడిచి, “కూర్చో” అన్నాడు. మదీనాబీ కూర్చుంది. అతను ఆమె చేతిలో సంచి తీసుకున్నాడు.

“ఎన్నన్నా?” అంది బండి ఆమె.

“ఒకటి. రెండు బజ్జీలు.”

“ఇద్దరుండారు కదా?”

“ఒకటే.”

మదీనాబీ అతని ముఖంలోకి చూసింది. ప్లేటు అందుకుంది. పుట్నాలపొడి బాగా కలిసేలా వేళ్ళతో కలుపుకొని తినడం మొదలుపెట్టింది. తొందర పడలేదు. ముదిగుబ్బ బస్సు ఒకటి వచ్చి పోయింది. అతావుల్లాకు పొద్దున్నుంచి టీ తప్ప ఏమీ లేదు. తాలింపు వాసన నేరుగా అతని వైపే వస్తోంది. ఆమె ఒక బజ్జీ కొరికి, కారానికి ఉస్సని, నీళ్ళు తాగి, రెండోది అందుకుంది. ‘నువ్వూ తిను’ అనలేదు. అతను కూడా ఆశించలేదు. సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

ప్లేటులో ఒక్క బొరుగు మిగలకుండా తిని, చెయ్యి కడుక్కొని, కొంగుతో మూతి తుడుచుకుంది మదీనాబీ. లేచి నిలబడి సంచి కోసం చెయ్యి చాచింది.

“తీరిపాయ” అంది.